ఒకే చిరునామా, అరడజను సరిహద్దులు: టెక్సాస్ కాలిన్ కౌంటీలో కొత్తగా స్థిరపడేవారికి

క్లుప్తంగా: డాలస్‌కు ఉత్తరాన ఉన్న కాలిన్ కౌంటీలో ఇంటి చిరునామా ఒకటే అయినా, ఆ స్థలం మీదుగా కౌంటీ, నగరం, స్కూల్ డిస్ట్రిక్ట్, కాలేజీ డిస్ట్రిక్ట్, కరెంటు సంస్థ, హెచ్‌ఓఏ (కాలనీ ఇళ్ల యజమానుల సంఘం) సరిహద్దులు వేటికవే గీసి ఉంటాయి. పన్ను ఎంత పడుతుంది, పిల్లలు ఏ బడికి వెళ్లాలి, ఎవరికి మొరపెట్టుకోవాలి అన్నవి ఊరి పేరును బట్టి తేలవు, ఈ గీతలను బట్టి తేలతాయి. కొత్త ఇళ్లకు రెండో ఏడాది నెలసరి వాయిదా ఒక్కసారిగా పెరగడం, పక్కపక్క వీధుల పిల్లలు వేర్వేరు బడులకు వెళ్లడం ఇందువల్లే.

ఫ్రిస్కో, ప్రాస్పర్, సెలైనా వంటి చోట్ల కొత్త ఇంట్లో దిగిన కుటుంబాలకు ఏడాదిన్నర, రెండేళ్లు తిరిగేలోపు బ్యాంకు నుంచి ఒక ఉత్తరం వస్తుంది. ఎస్క్రో ఖాతాలో, అంటే ఆస్తి పన్ను, బీమా కట్టడానికి బ్యాంకు వాయిదాతోపాటు నెలనెలా వసూలు చేసి ఉంచే ఖాతాలో, డబ్బు చాల్లేదనీ, వచ్చే నెల నుంచి కట్టాల్సింది పెరుగుతుందనీ అందులో ఉంటుంది. పెరిగేది యాభయ్యో వందో అయితే సర్దుకుపోవచ్చు. కొన్ని ఇళ్లకు అది నెలకు వెయ్యి డాలర్లు దాటుతుంది. ముప్పై ఏళ్లకు ఫిక్స్‌డ్ వడ్డీ మీద అప్పు తీసుకున్నాక వాయిదా ఎలా పెరుగుతుందని కొత్తవారికి టెన్షన్ పట్టుకుంటుంది. చాలా సందర్భాల్లో ఇందులో బ్యాంకు తప్పు గానీ బిల్డర్ మోసం గానీ ఉండదు. టెక్సాస్‌లో ఆస్తి పన్ను లెక్కగట్టే తీరే అంత.

ఈ గందరగోళం ఇప్పుడు ఎక్కువగా వినపడటానికి కారణం కౌంటీ పెరిగిన వేగం. 1990లో కాలిన్ కౌంటీ జనాభా 2,64,036. 2020 జనగణన నాటికి అది 10,64,465. ఒక్క ఫ్రిస్కోయే 2000లో 33,714 మంది ఉన్న ఊరు, ఇరవై ఏళ్లలో రెండు లక్షలు దాటింది. ఐటీ ఉద్యోగాలతో వచ్చిన తెలుగు కుటుంబాలు ఇందులో పెద్ద భాగం. ఇర్వింగ్ అపార్ట్‌మెంట్లలో మొదలుపెట్టి, పిల్లలు బడి వయసుకు వచ్చేసరికి ఉత్తరానికి జరగడం చాలామంది నడిచిన దారి. అద్దె ఇంట్లో ఉన్నన్నాళ్లూ పన్నుల సంగతి యజమాని చూసుకుంటాడు. సొంత ఇల్లు కొన్న రోజు నుంచి అన్ని సంస్థలూ నేరుగా ఆ ఇంటి తలుపే తడతాయి.

కౌంటీ చేసేది కొంతే

మన దగ్గర జిల్లా అనగానే కలెక్టరు, ఆయన కింద రెవెన్యూ, విద్య, వైద్యం అన్నీ కళ్ల ముందు మెదులుతాయి. టెక్సాస్ కౌంటీ అలాంటిది కాదు. కోర్టులు, జైలు, భూమి రికార్డులు, ఎన్నికల నిర్వహణ, వాహనాల రిజిస్ట్రేషన్, కొన్ని రోడ్లు, నగరాల హద్దు దాటిన చోట షెరిఫ్ గస్తీ, దాదాపు అంతే. కౌంటీని నడిపేది కమిషనర్స్ కోర్టు. పేరులో కోర్టు ఉన్నా అది పాలకమండలి. నలుగురు కమిషనర్లు, వారికి పైన కౌంటీ జడ్జి, అందరూ ఎన్నికైనవారే. కాలిన్ కౌంటీ కేంద్రం మెకిన్నీ.

బడులను కౌంటీ నడపదు, నగరమూ నడపదు. ఇండిపెండెంట్ స్కూల్ డిస్ట్రిక్టులు వేరే ప్రభుత్వాలు. వాటికి సొంత పన్ను, సొంత ఎన్నికలు, సొంత హద్దులు ఉంటాయి. తాగునీరు, చెత్త, పోలీసు, ఇంటి ప్లాన్ల అనుమతి నగరం పని. ఇంటి విలువ కట్టేది ఈ మూడింట్లో ఏదీ కాదు, సెంట్రల్ అప్రైజల్ డిస్ట్రిక్ట్ అనే నాలుగో సంస్థ. ఆ విలువ మీద ఎవరి రేటు వారు వేసుకుంటారు. చాలా సంస్థల తరఫున డబ్బు వసూలు చేసేది మాత్రం కౌంటీ టాక్స్ ఆఫీసు. అందువల్ల బిల్లు చూసి కోపంతో టాక్స్ ఆఫీసుకు వెళ్లినవారికి అక్కడ దొరికే జవాబు పెద్దగా ఉండదు. విలువ ఎక్కువ కట్టారన్నది అప్రైజల్ డిస్ట్రిక్టుతో తేల్చుకోవాలి. రేటు ఎక్కువన్నది ఆ రేటు పెట్టిన స్కూల్ బోర్డునో నగర కౌన్సిల్‌నో అడగాలి.

ఇంకో చిక్కు పోస్టల్ చిరునామాతో వస్తుంది. కవరు మీద మెకిన్నీ అనో సెలైనా అనో ఉన్నంత మాత్రాన ఇల్లు ఆ నగరం హద్దులో ఉన్నట్టు కాదు. జిప్ కోడ్ తపాలా సౌకర్యం కోసం పెట్టింది. నగర హద్దుకు బయట, అన్‌ఇన్‌కార్పొరేటెడ్ భూమిలో కట్టిన కాలనీలు చాలా ఉన్నాయి. అక్కడ నగర పన్ను పడదు, అదొక ఆకర్షణ. కానీ టెక్సాస్ కౌంటీలకు సాధారణ జోనింగ్ అధికారం లేదు. వెనక కనపడే ఖాళీ పొలంలో రేపు గోదాము వస్తుందో మరేదైనా వస్తుందో నియంత్రించడం కౌంటీ చేతుల్లో దాదాపు ఉండదు. ఇల్లు చూడటానికి వెళ్లినప్పుడు ఆ పొలమే అందంగా కనిపిస్తుంది కాబట్టి ఈ మాట ముందే తెలిసి ఉండాలి.

రెండో ఏడాది షాక్ ఎక్కడ పుడుతుంది

టెక్సాస్‌లో వ్యక్తుల ఆదాయంపై రాష్ట్ర పన్ను లేదు. 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణతో దాన్ని నిషేధించారు కూడా. కాలిఫోర్నియా నుంచో న్యూజెర్సీ నుంచో వచ్చినవారికి మొదటి జీతం స్లిప్పు చూడగానే ఆనందం కలుగుతుంది. అయితే బడులు, రోడ్లు, పోలీసుల ఖర్చు ఎక్కడో ఒకచోట నుంచి రావాలి కదా. ఇక్కడ అది ప్రధానంగా ఇంటి మీద పడుతుంది.

కాలిన్ కౌంటీ వైపు ఫ్రిస్కోలో, ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్ట్ పరిధిలో ఉన్న ఇంటినే తీసుకుందాం. ఈ మధ్య సంవత్సరాల్లో ప్రతి 100 డాలర్ల విలువకు కౌంటీ సుమారు 15 సెంట్లు, కాలిన్ కాలేజీ (స్థానిక కమ్యూనిటీ కాలేజీ) సుమారు 8 సెంట్లు, నగరం సుమారు 43 సెంట్లు, స్కూల్ డిస్ట్రిక్ట్ ఒక డాలరు 3 సెంట్ల దరిదాపుల్లో వేస్తున్నాయి. అన్నీ కలిపితే 1.69 శాతం. ఇందులో బడి వాటా ఒక్కటే అరవై శాతం పైన.

ఈ పన్నుకు కీలకమైన తేదీ జనవరి 1. ఆ రోజు స్థలంలో ఏం ఉందో దాని విలువే ఆ ఏడాది మొత్తానికి లెక్క. జనవరి 1న అక్కడ ఉన్నది ఖాళీ ప్లాటు అయితే, మార్చిలో పునాది పడి ఆగస్టులో గృహప్రవేశం జరిగినా ఆ ఏడాది పన్ను ప్లాటుకే. లెక్క సులువుగా ఉండటానికి ప్లాటు విలువ లక్షా యాభై వేలు, ఇల్లు కట్టాక మొత్తం ఆరు లక్షల డాలర్లు అనుకుందాం. మొదటి ఏడాది పన్ను సుమారు 2,535 డాలర్లు. బ్యాంకు దీన్నే పట్టుకుని ఎస్క్రోకు నెలకు 211 డాలర్లు వసూలు చేస్తుంది. రెండో ఏడాది జనవరి 1న అక్కడ నిండు ఇల్లు ఉంది. మినహాయింపులు లేకపోతే పన్ను 10,140. స్కూల్ పన్నులో హోమ్‌స్టెడ్ మినహాయింపు (యజమాని తానే ఉండే ఇంటి విలువలో కొంత పన్ను నుంచి తీసేయడం) తీసుకున్నా 8,700 దాకా పడుతుంది. ఖాతాలో పోగైంది రెండున్నర వేలే. తక్కువ పడిన ఆరు వేల పైచిలుకును బ్యాంకు తన డబ్బుతో కట్టేసి, దాన్ని పన్నెండు నెలల మీద పరుస్తుంది, అది నెలకు 514. పైగా ఇకమీదట ఏటా వచ్చే పన్ను కోసం నెలకు 725. మొత్తం 211 కాస్తా 1,239 అవుతుంది. ఫిక్స్‌డ్ వడ్డీ మాత్రం కదల్లేదు, అసలూ వడ్డీ అంతే ఉన్నాయి. పెరిగిందంతా ఎస్క్రో.

రిజిస్ట్రేషన్ రోజే నిండు విలువ అంచనా మీద వసూలు చేయమని బ్యాంకును అడగవచ్చు. కొన్ని బ్యాంకులు తమంతట తామే అలా చేస్తాయి. చేయకపోతే ఆ తేడాను విడిగా దాచుకోవడం ఒక్కటే దారి.

హోమ్‌స్టెడ్ మినహాయింపు సొంతంగా నివసించే ఇంటికి మాత్రమే. స్కూల్ పన్నులో ఇది 2022లో 40 వేల డాలర్లు. 2023 నవంబరు ఓటింగుతో లక్షకు, 2025 నవంబరు ఓటింగుతో లక్షా నలభై వేలకు పెరిగింది. 65 ఏళ్లు దాటిన యజమానులకు ఇంకో అరవై వేలు అదనం, పైగా స్కూల్ పన్ను మొత్తానికి ఒక గరిష్ఠ పరిమితి బిగిసిపోతుంది. దరఖాస్తు అప్రైజల్ డిస్ట్రిక్టుకు ఉచితంగా పెట్టుకోవచ్చు. టెక్సాస్ డ్రైవింగ్ లైసెన్సు మీద ఆ ఇంటి చిరునామాయే ఉండాలి. చాలామంది దరఖాస్తులు ఆగేది ఇక్కడే, పాత అపార్ట్‌మెంట్ చిరునామా మార్చుకోరు. ప్రభుత్వ ఉత్తరంలా కనిపించే కాగితం పంపి దరఖాస్తు పెట్టిపెడతామని ఫీజు అడిగే ప్రైవేటు సంస్థలూ ఉన్నాయి. వాటికి డబ్బు కట్టాల్సిన పని లేదు. ఒకసారి మంజూరయ్యాక అయిదేళ్లకోసారి అప్రైజల్ డిస్ట్రిక్ట్ అర్హతను మళ్లీ చూస్తుంది, ఆ ఉత్తరాన్ని మాత్రం చెత్తబుట్టలో వేయకూడదు.

హోమ్‌స్టెడ్‌తో వచ్చే రెండో లాభం పది శాతం పరిమితి. మార్కెట్ విలువ ఎంత పెరిగినా, పన్ను వేసే విలువను ఏడాదికి పది శాతానికి మించి పెంచకూడదు. ఇది మినహాయింపు మొదలైన మరుసటి ఏడాది నుంచి అమల్లోకి వస్తుంది. కొత్తగా కట్టిన స్విమ్మింగ్ పూల్ గానీ అదనపు గది గానీ ఈ పరిమితి కిందకి రావు. ఇల్లు అద్దెకిస్తే ఈ రెండు లాభాలూ పోతాయి. అద్దె ఇళ్లకూ ఇతర ఆస్తులకూ 50 లక్షల డాలర్ల విలువలోపు 20 శాతం పరిమితి ఒకటి పెట్టారు గానీ, అది 2024 నుంచి 2026 వరకే చట్టంలో ఉంది. రెండో ఇల్లు కొని అద్దెకిచ్చే లెక్కలు వేసుకునేవారు పదేళ్ల రాబడి అంచనాలో దీన్ని శాశ్వతంగా రాసుకోకూడదు.

విలువ ఎక్కువ కట్టారనిపిస్తే నోటీసు వచ్చాక మే 15 లోపు, లేదా నోటీసు పంపిన 30 రోజుల్లోపు, ఏది తర్వాతైతే ఆ గడువులోగా ప్రొటెస్ట్ వేయవచ్చు. టెక్సాస్‌లో అమ్మకపు ధర ప్రభుత్వానికి చెప్పి తీరాలన్న నియమం లేదు. అందువల్ల కొన్న ధర అప్రైజల్ విలువకన్నా తక్కువైతే క్లోజింగ్ కాగితమే (ఇల్లు కొన్నప్పటి లెక్కల పత్రం) బలమైన ఆధారం. ఎక్కువైతే చుట్టుపక్కల అదే సైజు, అదే వయసున్న ఇళ్లకు కట్టిన విలువలతో పోల్చి, సమానంగా కట్టలేదని వాదించవచ్చు. మొదట సిబ్బందితో మాట్లాడి తేల్చుకోవడం, కుదరకపోతే అప్రైజల్ రివ్యూ బోర్డు ముందుకు వెళ్లడం వరస. బిల్లులు అక్టోబరులో మొదలవుతాయి, జనవరి 31 దాటితే ఫిబ్రవరి 1 నుంచి జరిమానా.

ఫ్రిస్కోలో ఉండి ఫ్రిస్కో బడికి వెళ్లకపోవచ్చు

ఇల్లు కొనే తెలుగు కుటుంబాల్లో ఎక్కువమంది మొదట చూసేది బడి. స్కూల్ డిస్ట్రిక్ట్ హద్దు నగర హద్దుతో కలవదన్నది ఆలస్యంగా తెలుస్తుంది. ఫ్రిస్కో నగరంలోని కొన్ని ప్రాంతాలు ప్రాస్పర్, లూయిస్‌విల్, లిటిల్ ఎల్మ్ స్కూల్ డిస్ట్రిక్టుల్లో ఉన్నాయి. ప్లేనో, మెకిన్నీ నగరాల్లోని కొన్ని వీధులు ఫ్రిస్కో స్కూల్ డిస్ట్రిక్టుకు చెందుతాయి. డిస్ట్రిక్ట్ మారితే బడితోపాటు పన్నులో అతి పెద్ద ముక్క కూడా మారుతుంది.

డిస్ట్రిక్టుల పద్ధతులూ ఒకటి కాదు. అలెన్ డిస్ట్రిక్ట్ ఊరంతటికీ ఒకే పెద్ద హైస్కూలు నడుపుతుంది. ఫ్రిస్కో చిన్న బడులనే ఎంచుకుని, డజను హైస్కూళ్లు కట్టింది. ప్లేనోలో 9, 10 తరగతులకు ఒక బడి, 11, 12కు సీనియర్ హై అని మరొకటి. పెద్ద బడిలో కోర్సులు, సంగీతం, ఆటల ఎంపిక విస్తారం, జట్టులో చోటు దొరకడం కష్టం. చిన్న బడుల పద్ధతిలో జట్లు ఎక్కువ కాబట్టి చోటు సులువు. కానీ కొత్త బడి తెరిచినప్పుడల్లా గీతలు మళ్లీ గీస్తారు. బిల్డర్ బ్రోషరులో రాసిన బడి పేరు మూడేళ్ల తర్వాత అదే ఉంటుందన్న హామీ ఎవరూ ఇవ్వరు.

కౌంటీ గీత కూడా ఫ్రిస్కోను రెండుగా చీలుస్తుంది. పడమటి భాగం డెంటన్ కౌంటీలో ఉంది. డెంటన్ కౌంటీ రేటు కాలిన్‌ది కన్నా ఎక్కువే, కానీ అక్కడ కాలేజీ పన్ను లేదు, కలిపి చూస్తే డెంటన్ వైపు కాస్త తక్కువే పడుతుంది. బదులుగా పిల్లలు కాలిన్ కాలేజీలో చేరితే స్థానికులకన్నా ఎక్కువ ఫీజు కట్టాలి.

కట్టిన స్కూల్ పన్ను అంతా స్థానిక బడికే చేరుతుందని కూడా అనుకోనక్కర్లేదు. 1993 నుంచి ఉన్న చట్టం ప్రకారం ఆస్తి విలువ ఎక్కువున్న డిస్ట్రిక్టులు కొంత సొమ్మును రాష్ట్రానికి తిరిగి ఇవ్వాలి. దీన్ని ఇక్కడివారు రాబిన్ హుడ్ పద్ధతి అంటారు. ప్లేనో డిస్ట్రిక్ట్ ఏళ్ల తరబడి ఇలా భారీ మొత్తాలు చెల్లించింది.

రేటు పట్టికలో కనపడని బాకీలు

ఊరు దూరమయ్యేకొద్దీ ఇల్లు చౌక. సెలైనా, ప్రిన్స్‌టన్, అన్నా (Anna) అనే ఊళ్ల వైపు చాలామందిని లాగేది అదే. ఆ చౌకలో కొంత భాగం తర్వాత కట్టాల్సిన బాకీ రూపంలో వస్తుంది. కొత్త కాలనీకి రోడ్లు, నీళ్ల పైపులు, మురుగు కాలువలు వేయడానికి పెట్టుబడి కావాలి. నగరం హద్దులో అయితే తరచూ పబ్లిక్ ఇంప్రూవ్‌మెంట్ డిస్ట్రిక్ట్, అంటే పీఐడీ ఏర్పాటు చేసి బాండ్లు అమ్ముతారు. హద్దు బయట ఎక్కువగా మునిసిపల్ యుటిలిటీ డిస్ట్రిక్ట్, అంటే ఎంయూడీ ఉంటుంది. బాండ్ల అప్పు తీర్చేది ఇళ్ల యజమానులే.

రెండిటికీ తేడా ఉంది. ఎంయూడీ పన్ను ఇంటి విలువతో ముడిపడిన రేటు, కాలనీ నిండేకొద్దీ తగ్గే అవకాశం ఉంటుంది. పీఐడీ మాత్రం ఒక్కో ప్లాటుకు ఇంత అని ముందే తేల్చిన మొత్తం. విలువ తగ్గితే అది తగ్గదు, హోమ్‌స్టెడ్ మినహాయింపు దానికి వర్తించదు, ముప్పై ఏళ్ల దాకా సాగవచ్చు. కొనే ముందు దీని గురించి రాతపూర్వక నోటీసు ఇవ్వాలని చట్టం చెబుతోంది. అది సంతకాలు పెట్టే కాగితాల దొంతరలో ఉంటుంది కాబట్టి, సేల్స్ ఆఫీసులో కూర్చున్న మొదటి రోజే ఏటా ఎంత, ఇంకా ఎన్నేళ్లు అని అడగడం మంచిది. ఫ్రిస్కోలోని పాత ఇంటినీ సెలైనాలోని కొత్త ఇంటినీ పోల్చేవారు అమ్మకపు ధరలను కాక, పీఐడీ కలిపిన నెల ఖర్చులను పక్కపక్కన పెట్టుకోవాలి.

అమ్మకపు పన్నులో ఆ ఒక్క శాతం

దుకాణంలో బిల్లు మీద 8.25 శాతం పన్ను కనిపిస్తుంది. అందులో 6.25 రాష్ట్రానిది, 2 స్థానికం. ఈ రెండులో ఒక శాతాన్ని ప్లేనో నగరం డార్ట్ అనే డాలస్ ప్రాంత రవాణా సంస్థకు ఇస్తుంది. అందుకే అక్కడ రైలు స్టేషన్లు ఉన్నాయి, 2025 అక్టోబరులో విమానాశ్రయం దాకా సిల్వర్ లైన్ మొదలైంది. ఫ్రిస్కో, అలెన్, మెకిన్నీ డార్ట్‌లో చేరలేదు. ఆ శాతాన్ని ఆర్థికాభివృద్ధి, సామాజికాభివృద్ధి కార్పొరేషన్లకు చెరో అర శాతం పంచాయి. స్టేడియాలు, కార్పొరేట్ కార్యాలయాలు, పార్కులను రాబట్టే నిధి అది. డాలస్ కౌబాయ్స్ ఫుట్‌బాల్ జట్టు ప్రధాన కార్యాలయం, అమెరికా పీజీఏ గోల్ఫ్ సంస్థ ప్రధాన కార్యాలయం ఫ్రిస్కోకు రావడం వెనక ఈ ఎంపిక ఉంది.

దీని ఫలితం రోజూ రోడ్డు మీద తెలుస్తుంది. ఇంట్లో ఉద్యోగానికి వెళ్లేవారు ఎంతమంది ఉంటే దాదాపు అన్ని కార్లు కావాలి. డాలస్ నార్త్ టోల్‌వే, శామ్ రేబర్న్, జార్జ్ బుష్ దారులన్నీ టోల్ రోడ్లే. టోల్‌ట్యాగ్ లేకుండా వెళ్తే నంబరు ప్లేటు ఫొటో తీసి ఇంటికి పంపే బిల్లు బాగా ఎక్కువ పడుతుంది. కారు నడపలేని తల్లిదండ్రులు భారతదేశం నుంచి వచ్చి ఆరు నెలలు ఉంటే వారికి ఇల్లే లోకం అవుతుంది. నడిచి వెళ్లగలిగే దూరంలో పార్కో గుడో దుకాణమో ఉన్న ఇల్లు వెతుక్కోవడం పెద్దవాళ్లు వచ్చిపోయే కుటుంబాలకు తక్కువ విషయం కాదు.

నేల, నీళ్లు, కరెంటు

ఈ ప్రాంతం బ్లాక్‌లాండ్ ప్రెయిరీ. తెలుగులో చెప్పాలంటే నల్లరేగడి. గుంటూరు, కర్నూలు, ఆదిలాబాద్ పత్తి రైతులకు బాగా తెలిసిన గుణమే దీనిది, తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే బెత్తెడు వెడల్పున పగుళ్లిస్తుంది. కాలిన్ కౌంటీలోనూ ఒకప్పుడు విస్తారంగా పండింది పత్తే. ఇప్పుడు ఆ నేల మీద కాంక్రీటు పలక పోసి ఇళ్లు కడుతున్నారు. ఎండాకాలంలో ఇంటి ఒక పక్క నేల ఎండి కుంగి, మరో పక్క తడిగా ఉబ్బి ఉంటే పలక వంగుతుంది. తలుపులు బిగుసుకుపోవడం, కిటికీ మూలల నుంచి గోడ మీద ఏటవాలు చీలిక రావడం మొదటి గుర్తులు. నేలలో తేమ నాలుగు పక్కలా సమానంగా ఉంచడమే ఉపాయం. అందుకే వేసవిలో పునాది చుట్టూ ఒకటి ఒకటిన్నర అడుగు దూరంలో సన్నగా నీరూరే పైపు పరుస్తారు, పైకప్పు నీళ్లు గోడ మొదట్లో నిలవకుండా బయటికి మళ్లిస్తారు. పెద్ద చెట్టును ఇంటికి ఆనించి నాటడం మంచిది కాదు. చాలామంది బిల్డర్లు ఇచ్చే పదేళ్ల స్ట్రక్చరల్ వారంటీలో ఈ జాగ్రత్తలు యజమాని బాధ్యతగా రాసి ఉంటాయి, పాటించకపోతే క్లెయిము నిలవకపోవచ్చు.

నీటి విషయంలో మాత్రం ఇష్టారాజ్యం కుదరదు. ఈ నగరాలకు నీరిచ్చే నార్త్ టెక్సాస్ మునిసిపల్ వాటర్ డిస్ట్రిక్ట్ ఏప్రిల్ నుంచి అక్టోబరు వరకు లాన్ తడపడం వారానికి రెండుసార్లు, మిగతా నెలల్లో ఒకసారికి మించకూడదని చెబుతుంది. చాలా నగరాల్లో మురుగునీటి చార్జీని చలికాలం నీటి వాడకం సగటును బట్టి ఏడాదంతటికీ నిర్ణయిస్తారు. డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్ప్రింక్లర్ ఆపేయడం వల్ల మిగిలేది ఆ మూడు నెలల బిల్లు ఒక్కటే కాదన్నమాట.

కరెంటులోనూ ఒక గీత ఉంది. ఆంకార్ సంస్థ తీగలున్న వీధుల్లో అమ్మకందారును ఎంచుకోవచ్చు. కోసర్వ్ వంటి సహకార సంఘం పరిధిలో ఎంపిక లేదు, సంఘం ధరే ధర. ఫ్రిస్కోలో రెండూ ఉన్నాయి. ఎంపిక ఉన్నచోట ప్రకటనలో కనిపించే ధరను నమ్మి సంతకం పెట్టేవారు దెబ్బతినేది క్రెడిట్ ప్లాన్లలో. నెలకు 1,000 యూనిట్లు దాటితే ఇంత తగ్గింపు అని ఉంటుంది, 990 వాడిన నెలలో తగ్గింపు మొత్తం పోతుంది. ప్రతి ప్లానుకూ ఫ్యాక్ట్స్ లేబుల్ అనే పత్రం తప్పనిసరి. అందులో 500, 1,000, 2,000 యూనిట్లకు సగటు ధర విడివిడిగా ఇస్తారు. మూడింట్లో పెద్ద తేడా ఉంటే ఏసీ వాడని నెలల్లో ఆ ప్లాను ఖరీదవుతుందని అర్థం.

వడగళ్ల సంగతి కూడా ఇన్సూరెన్సు కాగితంలో చూసుకోవాలి. గాలి, వడగళ్ల నష్టానికి డిడక్టిబుల్ చాలా పాలసీల్లో డాలర్లలో కాక, ఇంటి బీమా విలువలో ఒకటి రెండు శాతంగా ఉంటుంది. ఆరు లక్షల ఇంటికి రెండు శాతమంటే పైకప్పు మార్చేటప్పుడు మొదటి పన్నెండు వేలు చేతి నుంచే.

మామిడాకులకు చట్టం, ముగ్గుకు మర్యాద

హెచ్‌ఓఏ ప్రభుత్వం కాదు, ఒప్పందం. ఇల్లు కొనడంతోనే అందులో సభ్యత్వం వస్తుంది, వదులుకోవడం కుదరదు. గోడ రంగు, కంచె ఎత్తు, చెత్తడబ్బా బయట ఉంచే వేళ దాకా అది నిర్ణయిస్తుంది. చందా బాకీ పడితే ఇంటి మీద తాకట్టు హక్కు కూడా ఉంటుంది. కేవలం జరిమానాల కోసం ఇల్లు వేలం వేయడానికి మాత్రం టెక్సాస్ చట్టం ఒప్పుకోదు. సరిదిద్దుకోగల తప్పుకు ముందు నోటీసు, గడువు ఇవ్వాలి.

గుమ్మానికి కట్టిన మామిడాకుల తోరణం, పెరట్లో తులసికోట మీద అభ్యంతరం వస్తే 2021లో సవరించిన రాష్ట్ర చట్టం అండగా ఉంటుంది. నిజమైన మతవిశ్వాసంతో సొంత ఆస్తి మీద పెట్టుకున్న వస్తువును హెచ్‌ఓఏ నిషేధించకూడదు, భద్రతకు ముప్పు వంటి కొన్ని కారణాలు ఉంటే తప్ప. ఇంటి ముందు నడిచే దారి, అంటే సైడ్‌వాక్, సాధారణంగా సొంత ఆస్తి లెక్కలోకి రాదు. సంక్రాంతి ముగ్గు డ్రైవ్‌వే లోపలే వేసుకుంటే తగాదాకు తావుండదు.

వేరే కౌంటీల నుంచి వచ్చేవారికి

వర్జీనియాలోని లౌడన్ కౌంటీ నుంచి వచ్చినవారికి ఈ గీతలన్నీ వింతగా ఉంటాయి. అక్కడ ఆష్‌బర్న్‌కు మేయరు లేడు, నగర ప్రభుత్వమే లేదు. కౌంటీ బోర్డే అన్నీ చూస్తుంది, బడులు కౌంటీ మొత్తానికి ఒకే వ్యవస్థ. డేటా సెంటర్ల నుంచి వచ్చే పన్ను వల్ల ఇళ్ల మీద రేటు నూరు డాలర్లకు డాలరు లోపే ఉంది, అయితే కార్ల మీద ఏటా విడిగా పన్ను, రాష్ట్ర ఆదాయ పన్ను రెండూ కట్టాలి. జార్జియాలో తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే ఫోర్సైత్ కౌంటీలోనూ బడులు కౌంటీవారీగానే. న్యూజెర్సీలో దీనికి తిరగేసి, ప్రతి అడుగు నేలా ఏదో ఒక మునిసిపాలిటీలో ఉంటుంది. ఎడిసన్‌లో మనిషికి మిడిల్‌సెక్స్ కౌంటీ కన్నా టౌన్‌షిప్‌తోనే పని. కాలిఫోర్నియాలో 1978 నాటి ప్రొపొజిషన్ 13 వల్ల పన్ను విలువ ఏడాదికి రెండు శాతానికి మించి పెరగదు. అక్కడ పాత యజమాని, కొత్త యజమాని పన్నుల మధ్య తేడా దశాబ్దాల పాటు పెరుగుతూ పోతుంది. టెక్సాస్‌లో పది శాతం పరిమితి వల్ల ఆ తేడా అంత విపరీతంగా ఉండదు, కానీ విలువలు ఎగబాకిన ఏళ్లలో యజమానికి దక్కే రక్షణ కూడా తక్కువే.

పెరుగుదల ఆగిన చోట, ఆగని చోట

2019 చట్టం ప్రకారం నగరాలు, కౌంటీలు పాత ఇళ్ల మీద నిర్వహణ ఖర్చుల కోసం వసూలు చేసే మొత్తాన్ని 3.5 శాతానికి మించి పెంచాలంటే ఓటర్లను అడగాలి. కొత్త కట్టడాలు ఈ లెక్కలో లేవు. అంటే ఊరు పెరుగుతున్నంత కాలం రేటు పెంచకుండానే ఆదాయం వస్తుంది. కట్టడానికి భూమి అయిపోయాక ఆ వెసులుబాటు పోతుంది, అప్పటికి రోడ్లూ పైపులూ ముసలివై మరమ్మతు అడుగుతాయి.

ప్లేనో ఆ దశకు చేరింది. అక్కడి స్కూల్ డిస్ట్రిక్ట్ 2024 జూన్‌లో నాలుగు బడులు మూసేయాలని తీర్మానించింది. పిల్లలు పెద్దవాళ్లై వెళ్లిపోయారు, తల్లిదండ్రులు అదే ఇళ్లలో ఉన్నారు, కొత్త జంటలకు ఆ ఇళ్ల ధర అందడం లేదు. నిన్నటిదాకా ఏటా కొత్త బడులు తెరిచిన ఫ్రిస్కోలో కూడా ఒక మిడిల్ స్కూలు మూతపడింది. అదే సమయంలో తూర్పున ప్రిన్స్‌టన్, 2023 జూలై నుంచి 2024 జూలై మధ్య ముప్పై శాతం పెరిగి దేశంలోనే అత్యంత వేగంగా ఎదిగిన నగరంగా లెక్కకెక్కింది. నీళ్లు, రోడ్లు, పోలీసు సరిపోక 2024 సెప్టెంబరులో కొత్త ఇళ్ల అనుమతులను తాత్కాలికంగా నిలిపేసింది. బడి కోసం ఇల్లు కొనేవారు ఇప్పటి రేటింగుతోపాటు ఆ డిస్ట్రిక్టులో పిల్లల సంఖ్య పెరుగుతోందా తగ్గుతోందా అన్నది చూడాల్సింది ఇందుకే.

ఈ నిర్ణయాల్లో కొత్తవారి మాటకు ఎంత చోటు ఉంది? హెచ్-1బీ మీద గానీ గ్రీన్ కార్డు మీద గానీ ఉన్నవారు పన్ను కడతారు, ఓటు ఉండదు. స్కూల్ బోర్డు, నగర కౌన్సిల్ బహిరంగ విచారణల్లో మాట్లాడవచ్చు, ఆగస్టు, సెప్టెంబరు నెలల్లో రేట్లు ఖరారు చేసే ముందు ఇవి జరుగుతాయి. అప్రైజల్ ప్రొటెస్ట్ ఎవరైనా వేయవచ్చు. ఓటు కూడా దక్కేది హెచ్‌ఓఏలో. అక్కడ ఓటు ఇంటి యాజమాన్యంతో వస్తుంది, పౌరసత్వంతో పని లేదు. కొత్త కాలనీల్లో మొదట బోర్డు మొత్తం బిల్డర్ చేతిలో ఉంటుంది. 75 శాతం ప్లాట్లు అమ్ముడయ్యాక 120 రోజుల్లోగా బోర్డులో కనీసం మూడో వంతు సభ్యులను ఇళ్ల యజమానులు ఎన్నుకోవాలని టెక్సాస్ చట్టంలో ఉంది. ఆ గడువు దాటినా ఎన్నిక జరగకపోతే బోర్డుకు రాతపూర్వకంగా గుర్తుచేసే హక్కు ప్రతి యజమానికీ ఉంది.